చప్పట్లు కొడుతున్నారు గానీ విద్యుత్ వలయం గీయలేకపోతున్నారు. ఫ్రీ సైన్స్ టూల్స్ మీరు క్లాసులో ఎలా వాడుతున్నారు?

సుద్దముక్క
నల్గొండ వైపు జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్త. పోయిన ఏడు మా బడికి పెద్ద డిజిటల్ ప్యానెల్, అంటే బోర్డంత టచ్ తెర వచ్చింది. ఈసారి పదో తరగతికి విద్యుత్ ప్రవాహం పాఠం దాదాపు మొత్తం దాని మీదనే చెప్పిన. పుస్తకంల క్యూఆర్ కోడ్ కొడితే సర్కారు పాఠాల యాప్ దీక్షాల వచ్చే వీడియోలు, యూట్యూబ్ వీడియోలు, తెర మీదనే ప్రయోగం చేసి చూసే ఫెట్ సిమ్యులేషన్, అన్నీ చూపెట్టిన. పిల్లలు కళ్లార్పకుండ చూసిన్రు. బల్బు వెలిగినప్పుడల్ల చప్పట్లు. నాకు మస్తు సంబరమైంది.

మొన్న స్లిప్ టెస్టు పెట్టిన. రెండు బల్బులు శ్రేణిల (ఒకదాని వెనక ఒకటి) ఒకసారి, సమాంతరంగ (పక్కపక్కన వేరే దారులల్ల) ఒకసారి కలిపి వలయం గీయమన్న. 38 మందిల సరిగ గీసింది ఏడుగురు. ఒక పిల్లగాడు బ్యాటరీ ఒక్క కొన నుంచే తీగ గీసి బల్బుకు కలిపి ఊకున్నడు. రెండో కొన ఏదిరా అంటే, "ఆడికి కరెంటు అయిపోతది కద మేడం" అన్నడు. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర పడతలేదు. ప్యానెల్ మీద ఎలక్ట్రాన్లు చుట్టూ తిరుగుడు వాని కళ్ల ముందరనే చూపెట్టిన కద?

తప్పెక్కడ జరిగింది? టూల్ మార్చాలా, నా పద్ధతి మార్చాలా? వాడినోళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గోదారి_మాస్టారు
సిమ్యులేషన్ ఎవరు నడిపారండీ? మీరా, పిల్లలా?

సుద్దముక్క
నేనే. 38 మందికి ఒక్క ప్యానెల్, ఎట్ల నడిపిస్త?

పాత_తరాజు
నేను రిటైరైన హెడ్మాస్టర్ని. మొహమాటం లేకుండా చెబుతాను, ఏమీ అనుకోకమ్మా. ఈ తెరల మీద వెలిగేది బల్బు కాదు, బల్బు బొమ్మ. రెండు టార్చి సెల్లులు, ఒక బల్బు, మూరెడు తీగ ఇచ్చి "వెలిగించు" అంటే పిల్లవాడు పది నిమిషాలు కుస్తీ పడతాడు. ఆ కుస్తీలోనే రెండో కొన సంగతి వాడికి తెలుస్తుంది. ఒక్క కొన కలిపితే వెలగదు గనక, ఎందుకు వెలగలేదని వాడే వెతుక్కుంటాడు. తెర మీద మీరు వెలిగించి చూపించారు కాబట్టి ఆ వెతుకులాట వాడికి దక్కలేదు.

బయో_అక్క
సార్ చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంటా. ఒక్క కొన కలిపితే ఫెట్‌లో కూడా వెలగదు. పిల్లోడి చేతికిచ్చింటే అక్కడే తెలుసుకునేవాడు. లోపం తెరది కాదు సార్, నడిపేది ఎవరన్నదాంట్లో ఉంది.

రేకుల_షెడ్డు
మాది ఆదిలాబాద్ ఏజెన్సీ. ప్యానెల్ లేదు, నెట్ లేదు, ల్యాబ్ అంటే తాళం వేసిన బీరువా. ముందు ఈ టూల్స్ మా బడి దాకా వచ్చే దారి చెప్పండి, తర్వాత పద్ధతి మాట్లాడుకుందాం.

గోదారి_మాస్టారు
రేకుల షెడ్డు గారూ, మీ సంగతి ముందు. ఫెట్‌లో కొత్త సిమ్యులేషన్లన్నీ హెచ్‌టీఎంఎల్5లో ఉంటాయి, అంటే మామూలు బ్రౌజరులోనే తెరుచుకుంటాయి. ఒక్కొక్కటి ఒకే ఫైలు. నెట్ ఉన్నచోట ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో పెట్టుకుంటే ఆ తర్వాత నెట్‌తో పనిలేదు. మా పాత ల్యాబ్‌లో ఉన్న డొక్కు కంప్యూటర్లలో కూడా నడుస్తున్నాయి. జావా, ఫ్లాష్ ఉన్న రోజుల్లో పడ్డ తిప్పలు ఇప్పుడు లేవు.

ఒక్క చిక్కు ఉంది. ఫోన్‌లో ఫైల్ మేనేజర్ నుంచి ఆ ఫైలు నొక్కితే హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ అనేదేదో తెరుచుకుని తెల్ల పేజీ చూపిస్తుంది. కంగారు పడకుండా "ఓపెన్ విత్" నొక్కి క్రోమ్ ఎంచుకోండి.

ఇంకోటి కివిక్స్, నెట్ లేకుండా సైట్లు చదువుకునే యాప్. అదీ ఉచితమే. అందులో తెలుగు వికీపీడియా మొత్తం దింపుకోవచ్చు, ఫెట్ సిమ్యులేషన్లన్నీ కలిపిన మూట కూడా దొరుకుతుంది. మండల కేంద్రానికి వెళ్లిన రోజు దింపుకుని తెచ్చేసుకోండి.

రేకుల_షెడ్డు
ఇది నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు సార్. ట్రైనింగుల్లో లింకులు ఇస్తారు, లింకు తెరవడానికి మా ఊళ్లో గుట్ట ఎక్కాలి.

ఫేజు_న్యూట్రల్
గుట్ట మీద క్లాసు పెడితే పిల్లలు ఒక్కడూ డుమ్మా కొట్టరు సార్ 😀

గోదారి_మాస్టారు
ఇక అమ్మాయి అడిగిన అసలు విషయం. ఇరవై రెండేళ్లుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను, ఆరేళ్లుగా ఫెట్ వాడుతున్నాను. మొదటి రెండేళ్లు అచ్చం మీలాగే చేశాను. ఇప్పుడు చేసేది చెబుతాను.

ప్యానెల్ వెలిగించే ముందు బోర్డు మీద ఒక బొమ్మ గీస్తాను. ఒక బ్యాటరీ, ఒకేరకం బల్బులు రెండు, శ్రేణిలో. "ఏది ఎక్కువ వెలుగుతుంది? బ్యాటరీకి దగ్గరిదా, దూరందా, రెండూ సమానమా? ఎందుకు?" అని అడుగుతాను. నోటితో చెప్పనివ్వను, నోటుబుక్కులో పెన్నుతో రాయాలి. పెన్సిల్ అయితే తర్వాత చెరిపేస్తారు. రాశాక పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోమంటాను. క్లాసు చేపల మార్కెట్ అవుతుంది. అవనివ్వండి. అప్పుడు ఒకణ్ణి పిలిచి ప్యానెల్ మీద వాడి చేతే వలయం కట్టిస్తాను.

ఏటా సగానికి పైగా "దగ్గరిది ఎక్కువ" అనే రాస్తారు. ఎందుకంటే మొదటి బల్బు కరెంటు కొంత తినేస్తుందని వాళ్ల నమ్మకం. మీ కుర్రాడు "ఆడికి కరెంటు అయిపోతది" అన్నాడే, అదే ఇది. వాడు మొద్దు కాదు. ఇంట్లో పొయ్యిలో కట్టె అయిపోవడం, దీపంలో నూనె అయిపోవడం చూసినవాడు కరెంటు కూడా అలాగే అనుకుంటాడు. కరెంటు కొలిచే అమ్మీటరు బల్బుకి ముందొకటి, వెనకొకటి పెట్టించండి. రెండింట్లో ఒకే అంకె వచ్చినప్పుడు వాడి మొహం చూడాలి మీరు.

తను రాసింది తప్పని తేలాక ఆ పిల్లవాడు చూసే చూపు వేరుగా ఉంటుందండీ. ఊహ రాయకుండా చూస్తే అది సినిమా చూసినట్టే.

సుద్దముక్క
మాస్టారూ, నేను ఒక్కసారి కూడ "ఏమైతదో రాయండి" అని అడగలే. అన్ని సార్లు "చూడండి, ఏమైతదో" అన్న. ఇప్పుడు అర్థమైతుంది.

బీఈడీ_రెండో_ఏడు
మాస్టారు చెప్పింది మా మెథడాలజీలో ఉంది. ఊహించు, పరిశీలించు, వివరించు. పరీక్షకి చదివాను గానీ క్లాసులో ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది.

లెక్కల_పంతులు
ఒక్కో ప్రశ్నకి అరగంట పోతే సిలబస్ ఎప్పుడవుతుంది? నవంబరు నుంచి స్పెషల్ క్లాసులు, జనవరికి సిలబస్ పూర్తి, తర్వాత రివిజన్. పై నుంచి అడిగేది పాస్ పర్సంటేజీ. ఎలక్ట్రాన్ ఎటు తిరిగిందని ఎవరూ అడగరు. నేను వ్యతిరేకిని కాదు, నేనూ లెక్కల బొమ్మలకి జియోజీబ్రా వాడతాను. టైమ్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదని చెబుతున్నాను.

గోదారి_మాస్టారు
న్యాయమైన ప్రశ్న. నేను పాఠానికి ఒకటి, మహా అయితే రెండు ప్రశ్నలకే ఇలా చేస్తాను. మిగతాది మామూలుగానే చెబుతాను. కానీ ఆ ఒక్క పీరియడ్ వల్ల రివిజన్‌లో నాలుగు పీరియడ్లు మిగిలాయి నాకు. నిరోధాల లెక్కలు చేసేటప్పుడు శ్రేణిలో కరెంటు ఒకటే అని మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేకపోయింది.

పాత_తరాజు
ఊహ రాయించడం మంచి పద్ధతి, కాదనను. మా రోజుల్లో టార్చి సెల్లులతోనూ అదే చేసేవాళ్లం. కానీ తెర మీద అన్నీ సవ్యంగా జరుగుతాయి. నిజం తీగకి నిరోధం ఉంటుంది, సెల్లు నీరసపడుతుంది, హోల్డరులో బల్బు సరిగా కూర్చోదు. తెరలో బల్బు ఎప్పుడూ వెలుగుతుంది. ప్రకృతి అంత మర్యాదగా ఉండదని పిల్లవాడికి ఎవరు చెబుతారు?

గోదారి_మాస్టారు
లూజు కాంటాక్టు సంగతిలో మీతో ఏకీభవిస్తాను సార్, అది తెరలో రాదు. మిగతా రెండూ ఉన్నాయి. డీసీ సర్క్యూట్ కిట్‌లో అడ్వాన్స్‌డ్ అని ఒక పెట్టె ఉంటుంది. తెరిస్తే తీగ నిరోధకత పెంచే స్లైడరు ఒకటి, బ్యాటరీ అంతర్నిరోధం పెంచేది ఒకటి కనిపిస్తాయి. రెండూ మామూలుగా సున్నా దగ్గర ఉంటాయి కాబట్టి చాలామంది చూడరు. పైకి జరిపితే బల్బులు మసకబారతాయి.

ఫేజు_న్యూట్రల్
నేను టీచర్ని కాదు, గుంటూరులో ఎలక్ట్రీషియన్ని. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మాస్టారు చెప్పిన స్లైడరు సంగతి మీ పిల్లలందరికీ ఇంట్లోనే తెలుసండీ. సాయంత్రం మోటారు వేయగానే లైటు ఒక్క క్షణం డిమ్ అవుతుంది చూశారా? స్టార్టింగులో మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగల్లో వోల్టేజి పడిపోతుంది. తీగ నిరోధం సున్నా అయితే అలా అవ్వదు. మీటరు నుంచి దూరంగా ఉన్న ఇంట్లో, సన్న తీగ వేసిన చోట ఇంకా బాగా తెలుస్తుంది. అది అడగండి పిల్లల్ని, ఎందుకో రాయమనండి.

గోదారి_మాస్టారు
బాబూ, ఈ ప్రశ్న వచ్చే సోమవారం నా క్లాసులో అడుగుతాను.

బయో_అక్క
అందరూ కరెంటు చుట్టూనే తిరుగుతున్నారు, మా బయాలజీకి కూడా కాస్త జాగా ఇవ్వండి. మాది కడప జిల్లా. నేను వాడేవి రెండే. ఒకటి సీజన్‌వాచ్. బడి ఆవరణలో ఒక చెట్టును ఎంచుకొని వారం వారం లేత ఆకు, ముదురు ఆకు, పూత, కాయ ఎంతెంత ఉండాయో నమోదు చేయడం. మా పిల్లోళ్లు చింతచెట్టు తీసుకున్నారు. రెండోది మెర్లిన్, కోర్నెల్ యూనివర్సిటీ వాళ్లది, పక్షి కూత వింటే పేరు చెప్తుంది. ప్యాక్ ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఇక్కడా మాస్టారు చెప్పిందే. మొదట్లో యాప్ పేరు చెప్పగానే రాసుకునేవాళ్లు, అంతే. ఇప్పుడు ముందు ముక్కు ఎట్లుంది, తోక ఎట్లుంది, నేలమీద తింటుందా కొమ్మమీదా అని రాసినాకే యాప్ తెరుస్తాం. ఒకసారి మెర్లిన్ ఏదో పేరు చెప్పింది. ఎనిమిదో తరగతి పాప "కాదు టీచర్, దానికి తోక అంత పొడుగు ఉండదు, ఇది జెముడుకాకి" అని పట్టుబట్టింది. పోయి చూస్తే ఆ పాపదే నిజం. యాప్‌ను తప్పు పట్టిన పాపను ఎత్తుకొని తిప్పాలనిపించింది నాకు.

చుక్కల_రాత్రి
బయో అక్క పోస్టుకి వంద లైకులు.

నాది ఆకాశం. స్టెల్లేరియం వాడండి, ఉచితం, ఓపెన్ సోర్స్, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. మీ ఊరు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి ఏ తేదీకైనా ఆకాశం చూడొచ్చు.

నేను హైదరాబాద్‌లో ఆరో తరగతి పిల్లలతో చేసింది ఇది. "మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకి నీడ ఉండదు, అవునా కాదా?" రాయమన్నాను. ఇంచుమించు అందరూ అవునన్నారు. అవ్వాతాతల నుంచీ విన్న మాట కదా. మరునాడు ఆవరణలో కర్ర పాతాం. పన్నెండుకి నీడ ఉంది. పైగా పన్నెండు దాటాక కూడా అది పొట్టిదవుతూనే పోయింది. అప్పుడు స్టెల్లేరియం తెరిచి ఏడాది పొడవునా సూర్యుడు నడినెత్తికి ఎప్పుడొస్తాడో వెతకమన్నాను. హైదరాబాద్‌కి రెండే రోజులు దొరుకుతాయి, మే 9 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకటి. అది కూడా సరిగ్గా పన్నెండుకి కాదు, మేలో 12:12 ప్రాంతంలో, ఆగస్టులో 12:22 ప్రాంతంలో. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు ఆలస్యం. మిగతా తేడా భూమి కక్ష్య, వాలు వల్ల వచ్చేది. సూర్యుడి గడియారం మన గడియారంతో ఏడాది పొడవునా ఒకేలా నడవదు.

బీఈడీ_రెండో_ఏడు
మే 9 అంటే ఎండాకాలం సెలవులు, ఆగస్టు 3 అంటే వానలు. ఎప్పుడు చూస్తారండీ 🙂

చుక్కల_రాత్రి
అదే మా బాధ కూడా! పోయిన ఆగస్టులో మబ్బు పట్టింది. పిల్లలు కర్ర పట్టుకుని ఇరవై నిమిషాలు ఆకాశం వంక చూశారు. రెండు నిమిషాలు ఎండ వచ్చింది. ఆ రెండు నిమిషాల్లో నీడ లేని కర్రని చూసిన పిల్లలు దాన్ని మర్చిపోరు.

డాలస్_నాన్న
అమెరికాలో ఉంటాను, సాఫ్ట్‌వేర్. వారాంతం ఇక్కడి పిల్లలకి తెలుగు చెబుతాను. ఒక ప్రశ్న. ఫెట్ తెలుగులో ఉందా? నేను చూసినవి కొన్ని తెలుగులో ఉన్నాయి, కొన్నింట్లో లేవు. అనువాదానికి వాళ్లే ఒక సాధనం ఇస్తారట, ఎవరైనా ఖాతా తెరిచి చేయొచ్చట. చేయాలని ఉంది. పిల్లలకి ఉపయోగపడుతుందా? మీ దగ్గర ఇప్పుడంతా ఇంగ్లిష్ మీడియమే కదా.

రేకుల_షెడ్డు
పేరుకి ఇంగ్లిష్ మీడియం. మా పిల్లలకి తెలుగే రెండో భాష, ఇంట్లో గోండి మాట్లాడతారు. రెసిస్టర్ అంటే అక్షరాలు చదువుతారు. తెలుగు పేరు కూడా పక్కన ఉంటే నాకు సగం పని తగ్గుతుంది.

సుద్దముక్క
డాలస్ నాన్న గారు, తప్పకుండ ఉపయోగపడతది. మా పుస్తకాలు ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పిల్లలు పరీక్ష ఇంగ్లిష్‌ల రాస్తరు, అర్థం చేసుకునుడు తెలుగుల. ఒక్క మాట, పుస్తకంల ఉన్న పదాలనే వాడండి. నిరోధం, విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం, శ్రేణి, సమాంతర. మీరు కొత్తగ పుట్టిస్తే పిల్లలకు మూడో భాష అయితది.

డాలస్_నాన్న
స్విచ్‌కి ఏం రాయాలి? నిఘంటువులో మీట అని ఉంది.

ఫేజు_న్యూట్రల్
స్విచ్ అనే రాయండి సార్. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మీట వెయ్యమని నన్నెవరూ అడగలేదు.

పాత_తరాజు
మీట మంచి మాటే. కానీ ఇక్కడ స్విచ్చే నయం. బ్యాటరీ, బల్బు, స్విచ్ ఇవి తెలుగైపోయాయి.

లెక్కల_పంతులు
పాత తరాజు గారు, ఎలక్ట్రీషియన్ గారు ఒక మాట మీద నిలబడ్డారు. ఈ థ్రెడ్ దాచుకోవాలి.

గోదారి_మాస్టారు
పిల్లలకి చెప్పడానికి ఒక సంగతి. ఈ ఫెట్‌ని 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టినాయన కార్ల్ వీమన్. అంతకు ముందు ఏడే ఆయనకి ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. దేనికంటే, రుబీడియం పరమాణువుల్ని విపరీతంగా చల్లబరిచి బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అనే పదార్థ స్థితిని తయారుచేసినందుకు. ఆ బోస్ మన సత్యేంద్రనాథ్ బోసే. నోబెల్ తెచ్చుకున్న మనిషి ఆ తర్వాత పిల్లలకి ఫిజిక్స్ ఎందుకు బుర్రకెక్కడం లేదనే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. సుద్దముక్క గారూ, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఆయనదే.

బీఈడీ_రెండో_ఏడు
నా అనుభవం ఒకటి చెప్తా. టీచింగ్ ప్రాక్టీస్‌కి తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం ఇచ్చారు. ఫైఫాక్స్ అని యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లది, ఫోన్‌లో ఉన్న సెన్సర్లతో కొలతలు తీస్తుంది. అందులో అకూస్టిక్ స్టాప్‌వాచ్ వాడాం. రెండు ఫోన్లు వరండాలో 10 మీటర్ల దూరంలో పెట్టాం. మొదటి ఫోన్ దగ్గర ఒకరు చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి, రెండోది కాస్త ఆలస్యంగా. తర్వాత రెండో ఫోన్ దగ్గర చప్పట్లు కొడితే అది ముందు ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు రీడింగుల తేడాలో ధ్వని 20 మీటర్లు నడిచిన కాలం ఉంటుంది. మాకు 0.057, 0.058 సెకన్లు వచ్చాయి. భాగిస్తే 345 నుంచి 351 దాకా.

ఒక అబ్బాయి "పుస్తకంలో 343 ఉంది, మనది తప్పు" అన్నాడు. పుస్తకంలోది 20 డిగ్రీల దగ్గర. మాది 30 డిగ్రీల మధ్యాహ్నం. 331కి డిగ్రీకి 0.6 చొప్పున కలిపితే 349. మాది తప్పు కాదని తేలగానే వరండా దద్దరిల్లింది. పక్క క్లాసు మేడం కోప్పడ్డారు గానీ ఆ అరుపు కూడా ధ్వని పాఠమే అనిపించింది.

పాత_తరాజు
ఇది నాకు నచ్చింది. ఫోన్ ఇక్కడ బొమ్మ చూపించడం లేదు, కొలుస్తోంది. గడియారం, స్కేలు లాంటి పరికరం అయింది. నా అభ్యంతరం దీని మీద లేదు.

లెక్కల_పంతులు
ఓల్యాబ్స్ ఎవరైనా వాడారా? అమృత యూనివర్సిటీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ల్యాబ్‌లు.

గోదారి_మాస్టారు
వాడాను. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ప్రయోగాలున్నాయి. సిద్ధాంతం, విధానం, వీడియో, వైవా ప్రశ్నలు అన్నీ వరసగా ఉంటాయి. ప్రాక్టికల్‌కి ముందు రోజు పిల్లలు చూసుకోవడానికి బాగుంటుంది. వాళ్లంతట వాళ్లు ఆడుకుంటూ కనుక్కోవడానికి మాత్రం ఫెట్టే మెరుగనిపించింది నాకు.

సుద్దముక్క
రెండు వారాల తర్వాత మల్ల వచ్చిన. ఏం జరిగిందో పూర్తిగ చెప్త, కొంచెం పొడుగైతది.

మాస్టారు చెప్పినట్టే చేసిన. ప్యానెల్ బంద్ పెట్టి బోర్డు మీద రెండు బల్బులు గీసి పెన్నుతో రాయమన్న. 38 మందిల 24 మంది "బ్యాటరీకి దగ్గరున్నది ఎక్కువ వెలుగుతది" అని రాసిన్రు. స్లిప్ టెస్టుల వలయం సరిగ గీసిన ఏడుగురిల నలుగురు కూడ అదే రాసిన్రు. బొమ్మ సరిగ గీసినోళ్లకు కూడ లోపల ఏం జరుగుతుందో తెల్వదన్న మాట. నాకు అది పెద్ద దెబ్బ.

తర్వాత ఆరుగురికొక గుంపు చేసి, నా ఫోను, స్టాఫ్ రూంల ఇంకో నలుగురి ఫోన్లు అడుక్కొని, ఫైలు వాటిల ఎక్కించిన. ప్యానెల్ దగ్గర ఒక గుంపు. మొదటి పది నిమిషాలు పాఠం లేదు, ప్రతి గుంపు బ్యాటరీకి ఉట్టి తీగ కలిపి మంట లేపుడే పని! ఆపలే. పాత తరాజు సార్ చెప్పిన కుస్తీ ఇదే అనుకున్న. ఆ తర్వాత వాళ్లే, ఉట్టి తీగ కలిపితే ఎందుకు కాలుతుంది, బల్బు ఉంటే ఎందుకు కాలతలేదు అని అడిగిన్రు. నిరోధం అన్న మాట అప్పుడు చెప్పిన. అంతకుముందు పాఠంల మొదటి నిమిషంలనే చెప్పేసేదాన్ని.

"కరెంటు అయిపోతది" అన్న పిల్లగాడు రెండు అమ్మీటర్లు పెట్టిండు. రెండిట్ల ఒకటే అంకె. తీసి మల్ల పెట్టిండు. మల్ల ఒకటే. "మరి బల్బు ఏం తింటది మేడం?" అన్నడు. నేను జవాబు చెప్పలే, రేపు చెప్పుకుందాం అన్న. తెల్లారి శక్తి గురించి చెప్పంగ వాడు ముందు బెంచిల కూసున్నడు.

అసలు కథ ఇంకోటి. ఒక పాప వినాయక చవితికి పందిట్ల కట్టిన సీరియల్ సెట్టు పట్టుకొచ్చింది, ఖరాబైంది. "మేడం, శ్రేణిల ఒక్కటి పోతే అన్ని పోతయి అన్నరు కద. మరి ఇది సగమే పోయింది, సగం వెలుగుతుంది. ఇది శ్రేణా, సమాంతరమా?" అని అడిగింది. నాకు వెంటనే తోచలే. ఎలక్ట్రీషియన్ అన్నా, చెప్పు.

ఫేజు_న్యూట్రల్
ముందు ఒక మాట మేడం, చాలా గట్టిగా చెబుతున్నా. ఆ సెట్టుని పిల్లలతో ప్లగ్గులో పెట్టించవద్దు. అది నేరుగా 230 వోల్టులు. ప్లగ్గు పీకేసి తీగలు లెక్కపెట్టించండి చాలు.

పాప అడిగింది నిజమైన ప్రశ్న. అది రెండూ. కొన్ని బల్బులు వరసగా ఒక గుంపు, అలాంటి గుంపులు రెండు మూడు పక్కపక్కన సమాంతరంగా. ఒక్కో చిన్న బల్బు 6 వోల్టులదైతే 230ని 6తో భాగించి చూడండి, 38 పైచిలుకు బల్బులు వరసగా ఉంటేగానీ కాలిపోకుండా ఉండవు. ఇంకా పొడవు దండ కావాలంటే వరసలోనే కలుపుకుంటూ పోతే అన్నీ గుడ్డిగా వెలుగుతాయి. అందుకే రెండో గుంపు విడిగా కడతారు. దండ మధ్యలో చూడండి, బల్బులకి పోకుండా పక్కనే పోయే తీగ ఒకటి అదనంగా కనిపిస్తుంది. రెండో గుంపుకి కరెంటు మోసుకెళ్లేది అదే.

మీ ఇల్లు మొత్తం సమాంతరమే అని కూడా చెప్పండి. లేకపోతే ఫ్యాను ఆపితే ఫ్రిజ్ ఆగిపోవాలి.

సుద్దముక్క
మూడు తీగలు! పాప నిన్ననే లెక్కపెట్టి చెప్పింది, ఎందుకో తెల్వక ఊకున్నం. అన్నా, నీ పోస్టు క్లాసుల చదివి వినిపిస్త.

ఇయ్యాల్ల ఆ పాపే ఫెట్‌ల మూడు బల్బుల వరసలు రెండు కట్టి, రెండిటిని సమాంతరంగ కలిపింది. ఒక బల్బు తీస్తే ఒక వరస ఆరిపోయింది, రెండోది వెలిగింది. తర్వాత మాస్టారు చెప్పిన అంతర్నిరోధం స్లైడరు పైకి జరిపి మల్ల తీసింది. మిగిలిన వరస కొంచెం ఎక్కువ వెలిగింది. ఎందుకో ఇంటి దగ్గర రాసుకొస్త అన్నది.

గోదారి_మాస్టారు
అదనపు తీగని తన చేత్తో లెక్కపెట్టిన పిల్ల ఆ స్లైడరు జరపడం... నాకు మాట రావట్లేదమ్మా.

పాత_తరాజు
పాప ముందు దండ పట్టుకుంది, తర్వాత తెర పట్టుకుంది. ఆ వరస నాకు సమ్మతమే. నా దగ్గర టార్చి బల్బులు, హోల్డర్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి, రిటైరైనప్పుడు బడి నుంచి తెచ్చుకున్నవి కాదు, నేను కొన్నవే. తెరలో కట్టిన రెండు వరసలూ పిల్లలు సెల్లులతో బల్లమీద కట్టాలి. అడ్రసు మెసేజ్ పెట్టండి, పంపుతాను.

రేకుల_షెడ్డు
పెన్‌డ్రైవ్‌లో పద్దెనిమిది సిమ్యులేషన్లు దింపాను, కివిక్స్ కూడా ఎక్కింది. శనివారం స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో మిగతా బళ్లవాళ్లకి కూడా కాపీ ఇస్తున్నా. పాత తరాజు గారూ, డబ్బాలో బల్బులు మిగిలితే మాకూ నాలుగు.

పాత_తరాజు
మీకు పది.

సుద్దముక్క
వచ్చే వారం వక్రీభవనం. బెండింగ్ లైట్ సిమ్యులేషన్ దింపి పెట్టుకున్న. దానికి ముందు ఏం రాయిస్తే బాగుంటది మాస్టారూ?

గోదారి_మాస్టారు
గిన్నె అడుగున రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల గిన్నె అంచు చాటుకి పోయి కనబడకుండా అయ్యేదాకా పిల్లల్ని వెనక్కి జరగమనండి. "మీరు కదలరు, బిళ్ల కదలదు. నీళ్లు పోస్తే బిళ్ల కనబడుతుందా?" అని అడగండి. నీళ్ల చెంబు చేత్తో పట్టుకునే ఉండండి గానీ, అందరూ రాసేదాకా పోయకండి.